పగలంతా ఏటి మీదనే

ఆళ్లగడ్డ చుట్టుపక్కల కాలువలో పూడిక తీయాలన్నా, చేను చదును చేయాలన్నా జీవన్ కుమార్‌కు ఫోన్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. జేసీబీ బకెట్‌ను అన్నం కలిపే చెయ్యిలాగా ఆడిస్తాడని ఆయనకు పేరు. మాటలు మాత్రం పొదుపు. మలేషియా పోయి వచ్చాడని అందరికీ తెలుసు. అక్కడ ఏం జరిగిందని అడిగితే, "ఏముండాదప్పా, వానలు" అని ఊరుకుంటాడు.

ఆయన సొంత ఊరు దొర్నిపాడు దగ్గర. తండ్రి అబ్రహాము, తల్లి బాలమ్మ ఇద్దరూ శ్రీనివాసులు చేలల్లో పనిచేసినవాళ్లు. శ్రీనివాసులుది తాతల కాలం నుంచి భూములున్న ఇల్లు. అబ్రహాము చనిపోయాక కూడా బాలమ్మ వాళ్ల పసుపు చేలోకి, వరిమడిలోకి పోవడం మానలేదు. జీవన్ మాత్రం పొలం పనికి పోలేదు. బేతంచెర్ల వైపు ఒక రాతిగనిలో క్లీనరుగా చేరాడు. డ్రైవరు అన్నానికి పోయినప్పుడు మిషన్ ఎక్కి ఎక్కి పని నేర్చుకున్నాడు. పెళ్లయింది. భార్య అనిత చిన్న ప్రైవేటు బడిలో టీచరు. కూతురు బ్లెస్సీ పుట్టిన ఏడాదే ఆ గని మూతపడింది.

కొన్నాళ్లు ఖాళీగా తిరిగాడు. మలేషియాలో మిషన్ నడిపేవాళ్లు కావాలని కడపలో ఉండే ఏజెంటు ఒకడు చెబితే సరేనన్నాడు. ఈ సంగతి తెలిసి హరీష్ కూడా బయలుదేరాడు. హరీష్ శ్రీనివాసులు ఒక్కగానొక్క కొడుకు. డిగ్రీ చదివాడు. పోలీసు సెలెక్షన్లకు రెండుసార్లు పోయి, రెండుసార్లూ వెనక్కి వచ్చాడు. ఆ తర్వాత తండ్రీకొడుకుల మధ్య మాటలు తగ్గి తగ్గి ఆగిపోయాయి. ఏజెంటు అతనికి సూపర్‌వైజరు పని అని చెప్పాడు.

ప్రయాణానికి ముందు హరీష్ తల్లి ఉమామహేశ్వరమ్మ జీవన్ వాళ్ల వీధి మొదట్లోకి వచ్చి నిలబడింది. ఆమె అంతవరకు ఆ వీధి వైపు వచ్చింది లేదు. బాలమ్మ కంగారుగా కుర్చీ తెచ్చింది గానీ ఆమె కూర్చోలేదు.

"జీవా, నువ్వు పోతాండావని వాడు గూడా పోతానంటాండాడు. నేను చెప్తే ఇనడు, వాళ్ల నాయన మాట్లాడడు. నువ్వుండావనే పంపిస్తాండా. వాన్ని రొవంత కనిపెట్టుకోనుండు."

"నేనుండా గదమ్మా," అన్నాడు జీవన్.

వాళ్లు చేరింది బోర్నియో దీవిలో, అడవి మధ్య చెట్లు నరికి పెంచిన ఒక పామాయిల్ తోట. రోడ్డు లేదు. దిగువనున్న పట్నం నుంచి కంపెనీ పడవలో ఏటికి ఎదురు పోవాలి, పగలంతా పడుతుంది. ఆ అడవిని చూశాక నల్లమలను అడవి అనబుద్ధి కాలేదు జీవన్‌కు. నల్లమలలో ఎండాకాలం ఆకు రాలుతుంది, కొమ్మల సందున ఆకాశం కనిపిస్తుంది. ఇక్కడ చెట్టు మీద చెట్టు, తీగ మీద తీగ. నడి మధ్యాహ్నం కూడా కింద నేల చీకటిగా, తడిగా ఉంటుంది. పాస్‌పోర్టులు పట్నంలోని ఆఫీసులోనే తీసి పెట్టుకున్నారు. హరీష్‌కు సూపర్‌వైజరు పని ఇవ్వలేదు. చేతికి పొడవాటి కర్రకు కట్టిన కొడవలి ఇచ్చి గెలలు కోయమన్నారు.

ఇద్దరిదీ ఒకే రేకుల గది. ఊళ్లో హరీష్‌ను చూస్తే జీవన్ "అన్నా" అనేవాడు, హరీష్ వయసులో చిన్నవాడైనా సరే. జీవన్ ఎప్పుడూ హరీష్ వాళ్లింటి అరుగు దాటి లోపలికి పోయింది లేదు. ఇక్కడ మొదట్లో వేర్వేరుగా వండుకున్నారు. హరీష్‌కు వండడం రాక, ఉడకని అన్నం తిని కడుపునొప్పి తెచ్చుకున్నాక జీవన్ అతని బియ్యం కూడా తన గిన్నెలోనే పోశాడు. కొన్నాళ్లకు 'అన్నా' పోయి 'హరీషూ' అయింది.

వానలు మొదలైన కొత్తలో హరీష్ కోసిన మట్ట ఒకటి జారి పడింది. దాని ముల్లు రబ్బరు బూటులోంచి పాదంలోకి దిగింది. పామాయిల్ మట్ట ముల్లు మేకంత ఉంటుంది. బయటికి లాగేశాడు, ముల్లే గదా అన్నాడు, మర్నాడు పనికి పోయాడు. తర్వాత పాదం వాచింది. క్యాంపులో ఉన్న మాత్రలు వేసుకున్నాడు. మాత్రలు అయిపోయాయి, వాపు మాత్రం పిక్క దాకా ఎక్కింది. ఒకరోజు పొద్దున జీవన్ దుప్పటి తీసి చూస్తే వేళ్లు నల్లబడి ఉన్నాయి. గదిలో వాసన వచ్చింది. చచ్చిన ఎలుక ఎక్కడుందో అని అంతకుముందు రోజంతా వెతికాడు జీవన్. ఆ వాసన ఎక్కడిదో అప్పుడర్థమైంది.

సూపర్‌వైజరు దగ్గరికి పరుగెత్తాడు. ఆయన తాతలెప్పుడో తమిళదేశం నుంచి వచ్చినవాళ్లు. జీవన్ వచ్చీరాని తమిళంలో అడిగాడు, ఆయన విసుగ్గా తమిళంలోనే చెప్పాడు. ఏరు పొంగింది, కంపెనీ పడవ రాదు, నీళ్లు తగ్గాక వస్తుంది, అప్పుడు పంపుతాం.

"అప్పటికి మనిషి ఉండడు," అన్నాడు జీవన్.

"పాస్‌పోర్టు లేకుండా కిందికి పోతే పోలీసులు పట్టుకుంటారు. నేను పంపానని చెప్పను. పారిపోయావనే చెబుతాను."

"చెప్పుకో."

క్యాంపుకు కొంచెం దూరంలో అక్కడి అడవి మనుషుల పొడుగాటి ఇల్లొకటి ఉండేది, వరసగా చాలా కుటుంబాలు కలిసి ఉండే ఇల్లు. అందులో ఇమాంగ్ అనే పెద్దాయనకు సొంత పడవ ఉంది. ఒకసారి ఆ పడవ బురదలో కూరుకుపోతే జీవన్ మిషన్ తెచ్చి లాగాడు. ఆ పరిచయం తప్ప ఒకరి మాట ఒకరికి రాదు. జీవన్ ఆయన చెయ్యి పట్టుకుని గదికి తీసుకొచ్చి కాలు చూపించాడు. ఇమాంగ్ కాలును చూశాడు, బయటికి పోయి ఏటిని చూశాడు. ఇంటికి పోయి భార్యతో చాలాసేపు మాట్లాడాడు. ఆమె తల అడ్డంగా ఊపుతుంటే జీవన్ దూరం నుంచి చూస్తూ ఉన్నాడు. చివరికి ఆమె లేచి, గోడకు ఆనించిన పొడుగు గెడ తీసుకుని తనే ముందు నడిచింది.

మర్నాడు తెల్లారుతుండగా హరీష్‌ను గెలలు మోసే ఒంటి చక్రం బండిలో వేసి ఏటి ఒడ్డుకు తోశాడు. దిగుడులో బండి జారి ఇద్దరూ బురదలో పడ్డారు. హరీష్ వేసిన కేకకు చెట్ల మీది పక్షులు లేచిపోయాయి.

పడవ పశువుల తొట్టి అంత వెడల్పు ఉంది, పొడవు మాత్రం ఎక్కువ. అడుగున చెక్క వేసి, హరీష్‌ను దాని మీద పడుకోబెట్టి, పైన టార్పాలిన్ పట్ట కప్పారు. వెనక ఇంజను దగ్గర ఇమాంగ్, ముందు గెడ పట్టుకుని ఆయన భార్య, మధ్యలో జీవన్.

"ఇదేందిరా, శవప్పెట్టె లెక్కుండాది," అన్నాడు హరీష్. అప్పటికింకా తెలివిలోనే ఉన్నాడు.

"గమ్మునుండు."

ఊరి దగ్గర కుందూ ఏరు పొంగినప్పుడు గట్టు మీద నిలబడి చూసిన నీళ్లే జీవన్‌కు తెలిసిన పెద్ద నీళ్లు. ఈ ఏటికి గట్టు లేదు. నీళ్లు చెట్ల లోపలికి పోయి ఉన్నాయి. ఎర్రమట్టి రంగు నీళ్లలో వేళ్లతో సహా లేచిన మాన్లు పడవ పక్కనే కొట్టుకొస్తున్నాయి. ఇమాంగ్ భార్య చెయ్యి కుడికి చూపితే కుడికి, ఎడమకు చూపితే ఎడమకు పడవ తిరుగుతోంది.

పొద్దెక్కాక ఏరు ఒకచోట బండల మధ్య ఇరుకైంది. అక్కడ నీళ్లు తెల్లగా మరిగినట్టున్నాయి, చప్పుడు చాలా దూరం నుంచే వినిపించింది. బరువుతో పడవ దాటదని ఇమాంగ్ చేతులతో చెప్పాడు. మనుషులు ఒడ్డున నడవాలి, పడవను తాడుతో కిందికి వదలాలి. కానీ హరీష్ నడవలేడు కదా.

జీవన్ అతన్ని వీపున వేసుకున్నాడు. ఒడ్డంటే నాచు పట్టిన బండలు, అడ్డంగా పాములాగా పడున్న వేళ్లు. హరీష్ ఒళ్లు కొలిమిలాగా కాలుతోంది. పుండున్న కాలు ఏ కొమ్మకు తగిలినా అతని పళ్లు జీవన్ భుజంలోకి దిగేవి. జీవన్ కాళ్లకు జలగలు పట్టాయి. తీయడానికి చెయ్యి ఖాళీ లేదు.

"జీవా, దించు."

"యాల?"

"దించురా. ఈడనే ఇడ్సిపెట్టి నువ్వు పో. నాతో కాదు."

"పోతే మీయమ్మకేం జెప్పల్ల?"

"సచ్చిపోయినాడని జెప్పు."

జీవన్ అతన్ని ఇంకొంచెం పైకి ఎగదోసుకుని నడిచాడు. ఒక బండ మీద జారి మోకాలి మీద పడ్డాడు. లేవడానికి ప్రయత్నించాడు, రాలేదు. రెండోసారీ రాలేదు. ఇంక అయిపోయింది, ఇద్దరం ఇక్కడే అనుకున్నాడు. అలాగే మోకాళ్ల మీద కొంతదూరం పాకి, ఒక చెట్టును పట్టుకుని లేచాడు.

అవతలికి చేరేసరికి అక్కడ ఇంకో దెబ్బ తగిలింది. తాడు చేతిలో జారి పడవ బండకు కొట్టుకుంది. మునగలేదు గానీ పెట్రోలు క్యాన్లలో పెద్దది నీళ్లలో పడి కొట్టుకుపోయింది. ఇమాంగ్ భార్య నడుము లోతు నీళ్లలో నిలబడి దాన్ని చూస్తోంది. ఇమాంగ్ చిన్న క్యాను ఎత్తి ఊపి చూశాడు. ఆయన ముఖం చూస్తే జీవన్‌కు సంగతి తెలిసిపోయింది.

మళ్లీ బయలుదేరారు. వాన అందుకుంది. ఆ వానకు చినుకులుండవు, ఆకాశం నుంచి ఏటిలోకి ఏరే పడుతున్నట్టు ఉంటుంది. టార్పాలిన్‌లోకి చేరిన నీళ్లను జీవన్ గిన్నెతో తోడిపోస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నమవుతుందనగా నీళ్ల కింద ఏదో మానుకు ఇంజను ఫ్యాను తగిలింది. టప్పుమని చప్పుడు. ఇంజను అరుస్తోంది, ఫ్యాను తిరగడం లేదు. పడవ అడ్డం తిరిగి ప్రవాహంలో పోసాగింది.

ఇమాంగ్ ఇంజను పైకెత్తాడు. ఫ్యానును ఇరుసుకు పట్టి ఉంచే పిన్ను విరిగిపోయింది. జీవన్ వెనక్కి పాకాడు. మిషన్లలో పిన్నులు విరగడం అతనికి కొత్త కాదు. వేరే పిన్ను లేదు. పడవ చెక్కలో ఉన్న మేకును జీవన్ ఇమాంగ్ దగ్గరి కత్తితో లాగి, వంచి, రంధ్రంలో దోపి కొసలు మడిచాడు. వేళ్లు తెగాయి. ఒకసారి మేకు జారి నీళ్లలో పడింది. రెండోదాన్ని పళ్లతో పట్టుకుని పనిచేశాడు. ఇంజను తిరిగింది. తిరిగి ఎంతోసేపు కాలేదు, దగ్గింది, ఆగిపోయింది. ఈసారి విరిగిందేమీ లేదు, పెట్రోలు అయిపోయింది.

ఇక తెడ్లే గతి. ఏరు ఎంత వేగంగా తీసుకుపోతే అంత. ఒక మలుపు దగ్గర దుంగలు లాక్కుపోయే పెద్ద పడవ ఎదురైంది. ఇనప పడవ, దాని మీద మనుషులు రేకు కింద కూర్చుని టీ తాగుతున్నారు. జీవన్ లేచి నిలబడి చొక్కా విప్పి ఊపాడు.

"అన్నా! అయ్యా! మనిషి సచ్చిపోతాండాడు! ఆపండన్నా! రొవంత పెట్రోలన్నా ఇయ్యండి!"

తెలుగులోనే అరిచాడు. వేరే భాష ఏదీ నోటికి రాలేదు. రేకు కింద ఒకడు లేచి చూశాడు. చెయ్యి ఊపాడు, పలకరించినట్టు. పెద్ద పడవ ఆగలేదు. దాని అలకు వీళ్ల పడవలోకి నీళ్లు పడ్డాయి. జీవన్ చొక్కా చేతిలో పట్టుకుని అలాగే కూలబడ్డాడు.

జ్వరంలో హరీష్‌కు మతి తప్పింది. ఊళ్లో పొలంలో ఉన్నాననుకుంటున్నాడు.

"నాయనా, మోటరు ఆపు. మడవ తెగింది నాయనా. నీళ్లన్నీ పోతాండాయి."

"ఆపినా," అన్నాడు జీవన్.

"ఆపల్యా నువ్వు. పోతాండాయి సూడు."

"ఆపినాలే హరీషూ. పండుకో."

బాలమ్మ ప్రార్థన చేస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది. జీవన్‌కు ఆ అలవాటు లేదు. క్రిస్మస్‌కు, పెళ్లిళ్లకు మాత్రమే చర్చికి పోయే మనిషి. ఆ మధ్యాహ్నం మాత్రం అడిగాడు. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా అడిగాడు. నేనిక ఫలానాది చేయను, ఫలానాది మానేస్తాను అని తనకు తోచిన బేరాలన్నీ పెట్టాడు. వాన ఆగలేదు. ఒడ్డు కనిపించలేదు. చివరికి కోపం వచ్చింది. "ఇంటాండావా ల్యాదా నువ్వు?" అని ఆకాశం వైపు అరిచాడు. ఇమాంగ్ తెడ్డు ఆపి చూసి, మళ్లీ తెడ్డు వేశాడు.

కాసేపటికి హరీష్ మాటలు కూడా ఆగిపోయాయి. జీవన్ అతని ముక్కు దగ్గర చెంప పెట్టి చూశాడు. వానలో ఊపిరేదో గాలేదో తెలియలేదు. ఇమాంగ్ భార్య గెడ పడవలో పెట్టేసి వెనక్కి వచ్చింది. హరీష్ తల ఒడిలోకి తీసుకుని, తన తలగుడ్డ విప్పి వానపడకుండా అతని ముఖం మీద గొడుగులా పట్టింది. తర్వాత అతని ఛాతీ మీద చెయ్యి వేసి, జీవన్ చెయ్యి లాగి అక్కడే పెట్టింది. గుండె కొట్టుకుంటోంది. జీవన్ ఆమె పాదాల దగ్గర తల పెట్టుకుని ఏడ్చాడు.

సాయంకాలమవుతుండగా చెట్ల పైన సెల్ టవరొకటి కనిపించింది. తర్వాత రేకు కప్పులు, రేవు, మనుషులు.

ఆసుపత్రిలో డాక్టరు కాలిని చూసి ఏదో గబగబా చెప్పాడు. తమిళం వచ్చిన నర్సు జీవన్‌కు విడమరిచి చెప్పింది. విషం పైకి పోతోంది. మోకాలి కింద తీసేయాలి. ఇప్పుడే తీయాలి. రేపటికి మనిషి ఉండడు.

"నువ్వు అతనికేమవుతావు?"

"అన్నను," అన్నాడు జీవన్.

ప్లాస్టిక్ కవరులో చుట్టి తెచ్చిన ఫోన్ తీసి శ్రీనివాసులుకు చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. ఉమామహేశ్వరమ్మకు చేశాడు. ఆమె ఫోన్ ఇంట్లో పెట్టి చేనుకు పోయే మనిషి. మళ్లీ చేశాడు, మళ్లీ చేశాడు. ఫోన్‌లో చార్జింగ్ అయిపోవస్తోంది. అనితకు చేస్తే ఆమె బడిలో ఉండి ఎత్తింది. వెనక పిల్లల గోల.

"అనితా, హరీష్ కాలు తీయల్లంట. వాళ్లింట్లో ఎవురూ ఎత్తల్యా."

"తీయకుంటే?"

"సచ్చిపోతాడంట."

"వాళ్లను అడిగేదానికి టైముందా?"

"ల్యా."

"మరి నన్నేం అడుగుతాండావ్? తీయమను."

ఫోన్ ఆరిపోయింది. జీవన్ నర్సు దగ్గరికి పోయి తీయమన్నాడు. ఆమె చూపిన చోట సంతకం పెట్టాడు. ఇమాంగ్‌కు చెబుదామని రేవుకు పరుగెత్తాడు. పడవ లేదు. ఆ దంపతులు ఎక్కడ పెట్రోలు తెచ్చుకున్నారో, ఎటు పోయారో తెలియదు. వాళ్లను మళ్లీ చూడలేదు.

హరీష్‌కు స్పృహ రాకముందే పోలీసులు వచ్చారు. పనివాడొకడు పారిపోయాడని కంపెనీ నుంచి కబురొచ్చిందట. జీవన్ దగ్గర పాస్‌పోర్టు లేదు. లోపల నా మనిషి ఉన్నాడు, లేచేదాకా ఉండనివ్వండని తమిళంలో, తెలుగులో, చేతులతో బతిమాలాడు. వాళ్లకు అర్థమైనా కాకపోయినా తీసుకుపోయారు. కాగితాలు లేని మనుషులను ఉంచే పెద్ద షెడ్డులో నెలల తరబడి ఉన్నాడు.

హరీష్ కళ్లు తెరిచేసరికి కాలు లేదు, జీవన్ లేడు. కంపెనీ మనిషొకడు వచ్చి, నీతో వచ్చినవాడు నిన్ను ఇక్కడ పడేసి పారిపోయాడని చెప్పాడు. కంపెనీవాళ్లు విమానం ఎక్కిస్తే ఆ మాటతోనే ఊరికి వచ్చాడు.

దొర్నిపాడులో ఆ మాట కార్చిచ్చులా అంటుకుంది. అనిత తనే ఉమామహేశ్వరమ్మ ఇంటికి పోయి, ఆ రోజు ఫోన్‌లో జరిగింది చెప్పింది. ఫోన్లు ఎత్తలేదు గనుకే అలా చేయాల్సి వచ్చిందని చెప్పింది. ఉమామహేశ్వరమ్మ ఒక్కసారిగా లేచింది.

"మమ్మల్నడక్కుండా నా కొడుకు కాలు తీయమనేదానికి నువ్వెవరు? నీ మొగుడెవరు? కనిపెట్టుకోమంటే నరికిచ్చి పోయినాడు గదా!"

బాలమ్మ ఆ రోజు నుంచి వాళ్ల చేలోకి పోలేదు. ఎవరూ రావద్దనలేదు, ఎవరూ రమ్మనలేదు. కొడుకు ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో తెలియక ఆమె రోజూ బస్సులు ఆగే చోటికి పోయి కూర్చునేది. అనిత బడి నుంచి వస్తూ ఆమెను ఇంటికి తీసుకొచ్చేది.

ఆ షెడ్డులోంచి వదిలి దేశానికి పంపేస్తే, ఒకరోజు జీవన్ నిజంగానే బస్సు దిగాడు. సగమయ్యాడు. బ్లెస్సీ తండ్రిని గుర్తుపట్టక నాయనమ్మ వెనక దాక్కుంది. మర్నాడు పొద్దున్నే హరీష్ ఇంటికి పోయాడు. హరీష్ ముందరి గదిలో మంచం మీద ఉన్నాడు, ఇటు తిరగలేదు.

"ఇడ్సిపెట్టి పోయినావు," అన్నాడు గోడతో అన్నట్టు.

"పోలేదు. పోలీసులు పట్టకపోయినారు."

"నాకెవురు జెప్పినారు ఆ మాట?"

"ఇప్పుడు నేను చెప్తాండా."

"కాలు?"

"తీయమన్యాను. నేనే."

శ్రీనివాసులు గడప దగ్గరే నిలబడి విన్నాడు. కండువా దులుపుకుని బయటికి పోయాడు. ఉమామహేశ్వరమ్మ వంటింట్లోంచి రాలేదు. జీవన్ కాసేపు నిలబడి తిరిగి వచ్చేశాడు. ఆ తర్వాత ఆళ్లగడ్డలో ఒకాయన జేసీబీ మీద పనికి కుదిరి, భార్యనూ బిడ్డనూ తల్లినీ తీసుకుని అక్కడే అద్దె ఇంట్లో చేరాడు.

వేసవిలో ఒక మధ్యాహ్నం, కాలువ పనిలో ఉండగా శ్రీనివాసులు నుంచి ఫోన్ వచ్చింది. ఆ మనిషి జీవన్‌కు ఎన్నడూ ఫోన్ చేసింది లేదు.

"జీవన్, బేగా రా. వాడు బాయి గట్టు మీద కూచోనుండాడు. మేము దగ్గరికి పోతే దూకుతా అంటాండాడు. నిన్నైతే రానిస్తాడేమో. బేగా రాప్పా."

జీవన్ మిషన్ ఆపి తాళం తీయకుండానే ఎవరిదో మోటార్ సైకిల్ పట్టుకుని పోయాడు. బావికి దూరంగా ఊరివాళ్లు నిలబడ్డారు, ఉమామహేశ్వరమ్మ నేల మీద కూలబడి ఉంది. హరీష్ గట్టు మీద, ఉన్న ఒక్క కాలు లోపలికి వేసి, కర్రలు పక్కన పడేసి కూర్చున్నాడు. జీవన్ నడిచి వెళ్లి అతని పక్కన, అంతే అంచున కూర్చున్నాడు. హరీష్ వద్దనలేదు.

ఇద్దరూ కింద నీళ్లలోకి చూశారు.

"ఆ పొద్దు ఇడ్సిపెట్టమంటి గదా," అన్నాడు హరీష్. "యాల ఇడ్సల్యా?"

మంచి మాట ఒకటి చెబితే లేచి వస్తాడని జీవన్‌కు తెలుసు. ఏ మంచి మాటా రాలేదు.

"భయమేసింది," అన్నాడు. "నీకోసరం కాదు. ఆ అడివిలో నువ్వు గూడా ల్యాకుంటే నేనొగన్నే ఎట్లుండేది అని. నాకోసరమే ఎత్తుకొచ్చినా."

హరీష్ అతని వైపు తిరిగాడు. ముఖం మీద ఎండ కొడుతోంది. నవ్వబోయినట్టు పెదవులు కదిలాయి, నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. మలేషియా నుంచి వచ్చాక అతను ఏడవడం అదే మొదలని తర్వాత వాళ్లమ్మ ఎవరితోనో చెప్పింది. జీవన్ కర్రలు తీసి అందించలేదు. వీపు చూపించి వంగాడు. హరీష్ మెడ చుట్టూ చేతులు వేశాడు.

అంతటితో అన్నీ చక్కబడలేదు. హరీష్‌కు నంద్యాలలో కృత్రిమ కాలు పెట్టించారు. మొదట అది ఒరుసుకుని పుండు పడింది. నెలల పాటు దాన్ని గదిలో మూలన పడేశాడు. రాత్రులు లేని పాదం మండుతోందని లేచి కూర్చుంటాడు, ఇప్పటికీ. ఉమామహేశ్వరమ్మ జీవన్ వస్తే పలకరించదు, కంచంలో అన్నం పెట్టి అతని ముందు దించి లోపలికి పోతుంది. అది కోపమో, సిగ్గో, రెండూనో జీవన్‌కు తెలియదు. అతను తింటాడు. బాలమ్మ మాత్రం ఆ చేలోకి మళ్లీ పోలేదు. "చాల్లే సామీ, చేసినంత చేసినా," అంటుంది.

పోయిన ఏడాది హరీష్ ట్రాక్టరు నడుపుతానన్నాడు. పోయింది ఎడమ కాలు, క్లచ్ ఎడమ కాలిదే. ఆళ్లగడ్డలో వెల్డింగ్ షాపులో జీవన్ కూర్చుని, క్లచ్‌కు చేతితో లాగే ఇనప కమ్మీ ఒకటి చేయించాడు. మొదటిది పొట్టిదైంది, రెండోది వంగిపోయింది. మూడోది నిలిచింది. దాన్ని బిగించి ట్రాక్టరును మడిలోకి దించిన రోజు, హరీష్ కమ్మీ వదలడం, బండి ఎగిరి ఆగిపోవడం. మళ్లీ స్టార్టు చేయడం, మళ్లీ ఆగిపోవడం. తిట్టాడు. కమ్మీని తిట్టాడు, వెల్డింగ్ చేసినవాణ్ని తిట్టాడు, జీవన్‌ను తిట్టాడు.

"మెల్లగ వదులు," అన్నాడు జీవన్ గట్టు మీద నుంచి.

"మెల్లగనే వదుల్తాండా!"

"ఇంగా మెల్లగ."

బండి ఒకసారి దగ్గి, కదిలింది. వంకరటింకరగా మడి ఆ చివరి దాకా పోయి, తిరగడం రాక గట్టుకు ఆనుకుని ఆగింది. జీవన్ చెప్పులు విడిచి, బురదలోకి దిగి అటు నడిచాడు.